చెంచా వంచినా జారని ముద్ద: ఆరు నెలల బిడ్డకు ఇంటి తిండి అలవాటు చేసే తీరు

బిడ్డకు మొదటగా ఏం పెట్టాలని పెద్దవాళ్ళను అడిగితే మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే సమాధానం పప్పుకట్టు, లేదంటే గంజి. తేలిగ్గా అరుగుతుందని, గొంతుకు అడ్డం పడదని నమ్మకం. మా పెద్దమ్మాయికి నేనూ అదే పట్టాను. ఉడికిన కందిపప్పు మీద తేరుకున్న నీటిని వడకట్టి, చిటికెడు జీలకర్ర పొడి కలిపి, రోజుకు రెండు పూటలా గిన్నెడు తాగించేదాన్ని. పాప ఇష్టంగానే తాగేది. అయినా ఎనిమిదో నెల నిండేసరికి బరువు దాదాపు పెరగనే లేదు. పిల్లల వైద్యురాలు నేను డబ్బాలో తీసుకెళ్ళిన పప్పుకట్టును చెంచాలోకి తీసుకుని, ఆ చెంచాను నా కళ్ళముందే మెల్లగా పక్కకు వంచారు. చెంచాలో ఉన్నదంతా జారిపోయి అడుగున ఒక పసుపుపచ్చని చుక్క మాత్రం మిగిలింది. "వంచినా జారకుండా నిలిచేదే తిండమ్మా, ఇది నీళ్ళు" అన్నారావిడ. రెండో బిడ్డ పుట్టినప్పుడు తొలి రోజు నుంచీ ఆ పరీక్షనే పట్టుకున్నాను. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ వంచిన చెంచా చుట్టూనే తిరుగుతుంది.

కారణం బిడ్డ పొట్టలోనే ఉంది. ఈ వయసు పిల్లల పొట్టలో ఒక్కో కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుందని లెక్క. అంటే ఏడు కిలోల బిడ్డ ఒక్క పూటలో తీసుకోగలిగేది ఒక గ్లాసుకు మించదు. మరోవైపు, తల్లిపాలతో పాటు తిండి నుంచి కూడా 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు సుమారు 200 కిలోకేలరీలు, 9 నుంచి 11 నెలల మధ్య 300, ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య 550 కిలోకేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చిన్న పొట్టను పప్పుకట్టుతోనో, గంజితోనో, చారు నీళ్ళతోనో నింపేస్తే బిడ్డకు కడుపు నిండినట్టే ఉంటుంది, పాలు కూడా తక్కువ తాగుతుంది, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. పప్పులోని బలం పైన తేరిన నీటిలో కంటే అడుగున మిగిలిన పప్పులోనే ఉంటుంది. మనం ఆ పప్పును పెద్దవాళ్ళ కంచంలో వడ్డించి, నీటిని బిడ్డకు పడుతున్నాం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్ళతో సహా, అవసరం లేదు. ఆరు నెలలు నిండిన తర్వాత ఆలస్యం చేయడమూ తగదు, ఎందుకంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము నిల్వలు ఆ సమయానికి తరిగిపోతాయి, తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన మెత్తని ఆహారం మొదలుపెట్టాలనే చెబుతున్నాయి. పాలు మాన్పించమని దీని అర్థం కాదు. రెండేళ్ళ వరకు, ఆ తర్వాత కూడా, తల్లిపాలు కొనసాగుతూనే ఉండాలి.

అన్నప్రాశన విషయంలో ఒక చిక్కు వస్తుంది. ఆడపిల్లలకు బేసి నెలలో, మగపిల్లలకు సరి నెలలో చేయాలనే ఆనవాయితీ ఉన్న ఇళ్ళల్లో ఆడపిల్లకు ఐదో నెలలోనే ముహూర్తం పెట్టేస్తారు. అత్తమ్మ మనసు నొప్పించకుండా దీన్ని దాటడానికి రెండు దారులున్నాయి: ఏడో నెలలో ముహూర్తం చూడమని అడగడం, లేదా ఐదో నెలలోనే వేడుక జరిపి పాయసాన్ని బిడ్డ పెదవికి ఉంగరంతో తాకించి ఊరుకుని, అసలు తినిపించడం 180 రోజులు నిండాక మొదలుపెట్టడం. ఆ పాయసంలో తేనె మాత్రం ఉండకూడదు. కారణం తర్వాత చెబుతాను.

నెలల లెక్కతో పాటు బిడ్డనూ చూడాలి. మెడ నిలబడి ఉండాలి, ఒడిలో ఆసరా ఇస్తే కూర్చోగలగాలి, మనం తింటుంటే మన చేతి వైపు, కంచం వైపు చెయ్యి చాపాలి, నోట్లో పెట్టిన దాన్ని నాలుకతో ప్రతిసారీ బయటికి నెట్టేయకుండా ఉండాలి. నెలలు నిండకముందే పుట్టిన పిల్లల విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలో వారిని చూస్తున్న వైద్యులే చెప్పాలి.

తొలి గిన్నె

కొత్తగా కొనవలసింది దాదాపు ఏమీ లేదు. మూడు పెద్ద చెంచాల సోనామసూరి బియ్యం, ఒక పెద్ద చెంచా పెసరపప్పు కడిగి అరగంట నానబెట్టి, గ్లాసు నీళ్ళు, చిటికెడు పసుపు వేసి, చిన్న స్టీలు గిన్నెలో పోసి కుక్కర్‌లో ఇంటి అన్నం గిన్నె మీదనే పెట్టండి. ఐదారు విజిల్స్ వచ్చి, ఆవిరి దానంతటదే పోయాక, వేడి మీదనే పప్పుగుత్తితో మెదపండి. తొలి వారం మాత్రం జల్లెడలో రుద్దితే ఎక్కడా మెతుకు తగలదు. ఒక చిన్న చెంచా నెయ్యి కలపండి. ఆ ఒక్క చెంచా నెయ్యిలోనే సుమారు 45 కిలోకేలరీలు ఉంటాయి కనుక అది రుచి కోసం మాత్రమే వేసేది కాదు. ఇప్పుడు చెంచా వంచి చూడండి. ముద్ద చెంచాకు అతుక్కుని, కాసేపటికి మెల్లగా ఒక పక్కకు ఒరగాలి. నీళ్ళలా జారితే ఇంకా ఉడికించాలి. మరీ బిగిసి రాయిలా ఉంటే తల్లిపాలతోనో, కాచి చల్లార్చిన నీళ్ళతోనో చెంచా చెంచాగా సడలించాలి. చల్లారేకొద్దీ అన్నం బిగుసుకుంటుంది కనుక తినిపించే ముందు మరోసారి చూసుకోవాలి. ఉప్పు వేయవద్దు, చక్కెర వేయవద్దు. మీ నాలుకకు చప్పగా అనిపించేది బిడ్డకు కొత్త రుచే.

మొదటి రోజు ఉదయం పది గంటల ప్రాంతంలో పెట్టడం మంచిది. బిడ్డ నిద్ర లేచి, కాసిని పాలు తాగి హుషారుగా ఉంటుంది, పడని లక్షణం ఏదైనా కనిపిస్తే వైద్యులు అందుబాటులో ఉండే సమయమూ అదే. ఎడమ తొడ మీద వెన్ను నిటారుగా కూర్చోబెట్టుకోండి. చెంచా కొసన ముద్ద పెట్టి కింది పెదవికి ఆనించి ఆగండి, నోట్లోకి తోయకండి. మా రెండోవాడు ఆ తొలి ముద్దను పెదవి మీద ఉంచుకుని నా మొహంలోకి చూశాడు, కనుబొమలు ముడిచాడు, నాలుక బయటికి వచ్చి ముద్దను గడ్డం మీదికి నెట్టేసింది. దాన్ని చెంచాతో తీసి మళ్ళీ పెట్టాను. మూడోసారి నాలుక లోపలికి తీసుకుంది, గొంతు ఒకసారి కదిలింది. నాలుకతో బయటికి తోయడాన్ని నచ్చలేదని అనుకోవద్దు. పాలు చీకడం మాత్రమే తెలిసిన నాలుక ముద్దను వెనక్కి పంపడం అప్పుడే నేర్చుకుంటోంది.

తొలి రోజులకు రెండు మూడు చెంచాలు చాలు. వారం తిరిగేసరికి రోజుకు రెండు పూటలు, ఆ తర్వాత మూడు పూటలు. ఎనిమిదో నెల నాటికి పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం వరకు తినగలుగుతుంది. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటల తిండితో పాటు, ఆకలిని బట్టి మధ్యలో ఒకటి రెండుసార్లు పండో, ఇడ్లీ ముక్కో ఇవ్వాలి.

బియ్యం, పెసరపప్పు పడ్డాక ఇక ఆలస్యం చేయకుండా గిన్నెలో రంగులు చేర్చాలి. గుమ్మడికాయ, క్యారెట్, సొరకాయ, కందగడ్డ (చిలగడదుంప), పాలకూర, తోటకూరలను ఒక్కొక్కటిగా అదే కిచిడీలో వేసి ఉడికించవచ్చు. కొత్త పదార్థాన్ని రెండు మూడు రోజులు పెట్టి చూసి తర్వాతిది మొదలుపెడితే, ఒకవేళ ఏదైనా పడకపోతే అదేమిటో తెలుస్తుంది. మెహిదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో ఉదయాన్నే దొరికే లేత తోటకూర కట్ట ఒకటి ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, అందులో గుప్పెడు ఆకు బిడ్డకు. ఆకుకూరలను విడిగా రెండు మూడు నీళ్ళలో కడగాలి. పండ్లలో మెదిపిన అరటిపండు, బొప్పాయి, గింజ తీసిన సపోటా, వేసవిలో మామిడిపండు గుజ్జు అన్నీ మంచివే. పండ్లరసం మాత్రం వద్దు, అది కూడా ఒక రకం పప్పుకట్టే.

ఉగ్గు పిండి చేసి పెట్టుకునేవారికి ఒక మాట. మూడు పాళ్ళు బియ్యమో రాగులో, ఒక పాలు పెసరపప్పో పుట్నాలో, విడివిడిగా దోరగా వేయించి మెత్తగా ఆడించుకుంటే ప్రయాణాల్లో, జ్వరం వచ్చిన రోజుల్లో ఎంతో అక్కరకు వస్తుంది. రాగులను రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించిన పిండి మామూలు రాగిపిండి కంటే మేలు. మామూలు రాగిజావ కాస్త పిండి వేయగానే చిక్కబడిపోతుంది, అందుకని మనం నీళ్ళు పోసి పల్చన చేస్తాం. మొలకెత్తిన గింజలో పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైములు పుడతాయి కనుక అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టినా జావ గట్టిపడదు. అంటే అంతే పరిమాణంలో ఎక్కువ బలం. ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకునే పదార్థాలు కూడా మొలకెత్తించడం వల్ల కొంత తగ్గుతాయి. రాగిలో అసలైన సంపద కాల్షియం. రక్తం పట్టడానికి రాగిజావ ఒక్కటే చాలని అనుకోవడం సరికాదు.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకు నెలకు రెండున్నర కిలోల చొప్పున ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. దాన్ని చిక్కగా కలిపి పెట్టవచ్చు. చక్కెర అందులోనే ఉంది కనుక మళ్ళీ వేయనక్కర్లేదు, మిగతా పూటలు మాత్రం చప్పిడి తిండి పెట్టాలి.

ఇనుము సంగతి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పిల్లల మెదడు అతి వేగంగా ఎదిగే వయసు ఇదే. కడుపు నిండా పెరుగన్నం తిని బొద్దుగా ఉన్న బిడ్డకు కూడా రక్తం తక్కువగా ఉండవచ్చు.

మాంసాహారం తినే ఇళ్ళల్లో దారి సులువు. ఆరు నెలలు నిండాక గుడ్డు, చేప, కోడి, మేక మాంసం అన్నీ పెట్టవచ్చు; పళ్ళు వచ్చేదాకా, ఏడాది నిండేదాకా ఆగాలన్న మాటకు ఆధారం లేదు. గుడ్డును పూర్తిగా గట్టిపడేలా ఉడికించి, పచ్చసొన, తెల్లసొన రెండింటినీ మెదిపి అన్నంలో కలపండి. మేక కార్జం ముక్క ఒకటి బాగా ఉడికించి, గరిటెతో నలిపి, వారానికి ఒకసారి ఒక చెంచా పెడితే చాలు. అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ కనుక రోజూ పెట్టకూడదు. ఖీమాను మసూర్ పప్పుతో కలిపి మెత్తగా ఉడికిస్తే పాతబస్తీ ఇళ్ళల్లో పొద్దున్నే తినే కిచిడీ-ఖీమాకు బిడ్డ వంతు సిద్ధమైనట్టే, మసాలా, ఉప్పు లేకుండా. చేపల్లో మన రాష్ట్ర చేప కొర్రమీను ఇందుకు బాగుంటుంది, సన్న ముళ్ళు తక్కువ. అయినా ఉడికిన ముక్కను వేళ్ళ మధ్య పొడిపొడిగా నలిపి, ముల్లు తగలడం లేదని మీ వేళ్ళకు నమ్మకం కుదిరాకే పెట్టాలి. మాంసం ఉడికించిన నీళ్ళను మాత్రమే సూపు పేరుతో పట్టడం వల్ల పెద్దగా లాభం లేదు, బిడ్డకు కావలసింది ముక్క.

శాకాహార కుటుంబాలు మరికొంత శ్రద్ధ పెట్టాలి. పప్పులు, శనగలు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. దాన్ని పెంచే తేలికైన మార్గం పుల్లదనం: దించిన తర్వాత పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండడం, భోజనం తర్వాత మెదిపిన జామపండో, బత్తాయి తొనలోని గుజ్జో పెట్టడం. విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. ఎవరి ఇంట ఏది తిన్నా, ఆరు నెలలు దాటిన పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమం కింద వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ ఇస్తారు. మీ ఆశా కార్యకర్తను గానీ, బస్తీ దవాఖానాలో గానీ, మీ వైద్యులను గానీ అడగండి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకాతో పాటు విటమిన్ ఎ తొలి మోతాదు కూడా వేయించాలి.

ఇనుమును చెడగొట్టే అలవాటు మన ఊళ్ళో ఒకటుంది. సాయంత్రం తాతయ్య చాయ్ తాగుతూ ఉస్మానియా బిస్కెట్ కొసను చాయ్‌లో ముంచి మనవడి నోట్లో పెడతారు. ఎంతో ప్రేమతో చేసే పనే, నేను కాదనను. కానీ తేయాకు భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, బిస్కెట్‌లో ఉన్నది మైదా, చక్కెర, ఉప్పు, కొవ్వు. అదే సమయానికి తాతయ్య చేతికి మెత్తటి అరటిపండు ముక్కో, ఉడికించిన క్యారెట్ ముక్కో అందించండి. ఆయన చేత్తో తినిపించే సంతోషానికి లోటు రాదు. అలాగే ఏడాది నిండేవరకు గేదెపాలు, ఆవుపాలు ప్రధాన ఆహారంగా తాగించకూడదు. వాటిలో ఇనుము చాలా తక్కువ, పైగా అవి పొట్ట నింపేసి తిండిని తగ్గిస్తాయి. పెరుగు మాత్రం ఆరు నెలల తర్వాత నిశ్చింతగా పెట్టవచ్చు. ఏడాది దాటాక కూడా పాలు రోజుకు అర లీటరు మించనివ్వకండి.

గుజ్జు నుంచి ముక్కకు

మిక్సీ వల్ల మనకు ఎంత సుఖమో బిడ్డకు అంత నష్టం. నున్నగా రుబ్బిన గుజ్జునే పది నెలల దాకా పెడుతూ పోతే, ఆ తర్వాత మెతుకు తగిలినా ఉమ్మేసే పిల్లలు తయారవుతారు. అందుకే జల్లెడ మొదటి వారంతో ఆగిపోవాలి, ఏడో నెలంతా పప్పుగుత్తితో మెదిపినది, ఎనిమిదో నెలకు వేళ్ళతో నలిపినది, తొమ్మిదో నెల నుంచి సన్నగా తరిగి మెత్తగా ఉడికించినది. ఏడాది నిండేసరికి ఇంటి భోజనమే. పళ్ళు రాలేదని ఆగనక్కర్లేదు, చిగుళ్ళు చాలా పని చేస్తాయి.

ఎనిమిదో నెల దగ్గర బిడ్డ చేతికి తిండి ఇవ్వడం మొదలుపెట్టాలి. మీ చూపుడువేలు అంత పొడవున కోసిన మెత్తని ఇడ్లీ ముక్క, ఉడికించిన కందగడ్డ, మెత్తటి దోసె, పప్పులో నానిన చపాతీ ముక్క ఇందుకు సరిపోతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే చిదిగిపోవాలి. చిదగకపోతే చిగుళ్ళు కూడా చిదపలేవు. సగం నేల మీద పడుతుంది, కొంత జుట్టులోకి పోతుంది. కింద పాత చీర పరుచుకుని కూర్చోండి.

ముక్కలు మొదలైనప్పుడు ఓకరింత రావడం సహజం. మొహం ఎర్రబడుతుంది, నాలుక బయటికి వస్తుంది, దగ్గుతుంది, శబ్దం వస్తుంది. బిడ్డే దాన్ని ముందుకు తెచ్చుకుంటుంది. మీరు కంగారుపడి నోట్లో వేలు పెట్టకండి, వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. భయపడవలసింది నిశ్శబ్దానికి. ఏడవలేక, దగ్గలేక, పెదవులు నీలంగా మారుతుంటే గొంతుకు అడ్డం పడినట్టు. అప్పుడు ఏడాది లోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా దవడను పట్టుకుని, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ, పక్కనున్నవారిచేత 108కి ఫోన్ చేయించాలి. ఇంట్లో బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరూ, పనిమనిషితో సహా, ఒక బొమ్మ మీద దీన్ని చేసి చూడాలి.

పల్లీలు, జీడిపప్పు, పుట్నాలు, మరమరాలు, పాప్‌కార్న్, సకినాలు, పచ్చి క్యారెట్ ముక్కలు, గట్టి యాపిల్ ముక్కలు ఈ వయసు పిల్లలకు ఇవ్వనే కూడదు. గింజలను గింజలుగా ఇవ్వడానికి ఐదేళ్ళు నిండాలి. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. దసరా రోజుల్లో బండ్ల మీద కనిపించే సీతాఫలం తీపికి పిల్లలు మురిసిపోతారు, కానీ గుజ్జును ఒక పళ్ళెంలో పరిచి ప్రతి గింజనూ తీసేశాక మాత్రమే అది బిడ్డ నోటికి చేరాలి.

ఇవి వద్దు, ఇవి మాత్రం ఆలస్యం చేయవద్దు

ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి, దానివల్ల కండరాలు చచ్చుబడి ఊపిరికే ముప్పు రావచ్చు. అందుకే అన్నప్రాశన పాయసంలో, పుట్టిన బిడ్డ నాలుక మీద రాసే ఆచారంలో కూడా తేనెను పక్కన పెట్టాలి. మొదటి ఏడాది ఉప్పు కలపవద్దు. రెండేళ్ళ వరకు చక్కెర, బెల్లం కలపకుండా ఉంటే మరీ మంచిది.

ఇందుకు భిన్నంగా, పడకపోవచ్చనే భయంతో వాయిదా వేసేవి కొన్ని ఉన్నాయి, అవి పల్లీలు, గుడ్డు, నువ్వులు, చేప. ఇదివరకు వైద్యులు కూడా ఆగమనే చెప్పేవారు. పల్లీల విషయంలో 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఆ ఆలోచనను తిరగేసింది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు తొలి ఏడాదిలోనే పల్లీలు తినిపించడం వల్ల ఆ అలర్జీ చాలావరకు తగ్గింది. వేయించిన పల్లీలను కారం లేకుండా మెత్తని పొడి చేసి, జావలో పావు చెంచా కలిపి మొదలుపెట్టవచ్చు. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్న బిడ్డకైతే ముందు వైద్యులను అడగాలి. తిన్న కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తినిపించే తీరు

కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, బుగ్గలు నొక్కి ఉగ్గు పోయడం పాత పద్ధతి. ఏడుస్తున్న బిడ్డ గొంతులో పోసినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కనుక ఆ పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. సీసా కూడా వద్దు, చెంచా, గిన్నె, చెయ్యి చాలు. బిడ్డ నోరు తెరిస్తే ముద్ద పెట్టండి, తల తిప్పుకుంటే ఆగండి, మళ్ళీ తిప్పుకుంటే గిన్నె తీసేయండి. ఇరవై, ముప్పై నిమిషాలు దాటిన భోజనం ఇద్దరికీ శిక్షే. ఫోనులో బొమ్మలు చూపిస్తూ పెడితే నాలుగు ముద్దలు ఎక్కువ పోతాయి, నిజమే, కానీ కడుపు నిండిన సంగతి బిడ్డకు తెలియకుండా పోతుంది. కిటికీలోంచి పావురాన్ని చూపించడం, గోరుముద్దలు చేసి కబుర్లు చెప్పడం వేరు, అక్కడ బిడ్డ మన మొహం చూస్తూ తింటుంది. ఒక కూర ఇవాళ ఉమ్మేసిందంటే దాన్ని ఇంటి నుంచి వెలివేయకండి. కొన్ని రుచులు ఎనిమిది, పదిసార్లు నాలుకకు తగిలాక గానీ చుట్టరికం కలపవు.

చేతులు, గిన్నె, చెంచా ప్రతిసారీ సబ్బుతో కడగాలి. నల్లా నీళ్ళయినా, డబ్బా నీళ్ళయినా మరిగించి చల్లార్చాకే పట్టాలి, అదీ భోజనంతో పాటు రెండు మూడు గుక్కలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండకు వండిన అన్నం త్వరగా పాడవుతుంది కనుక రెండు గంటలు దాటినది పెట్టవద్దు, బిడ్డ ఎంగిలి చెంచా తగిలిన గిన్నెలోనిది తర్వాతి పూటకు దాచవద్దు.

ఇంటి గిన్నెలోంచి బిడ్డ గిన్నెలోకి

బిడ్డ కోసం రోజూ మూడు రకాలు వేరుగా వండుతూ అలసిపోయే తల్లులను చూస్తుంటాను. ఉద్యోగానికి పోయేవారికి అది నెల రోజులు కూడా సాగదు. ఇంటి వంటలోనే ఉప్పు, కారం, చింతపండు పడకముందు ఒక గరిటె పక్కకు తీయడం అలవాటు చేసుకోండి. పాలకూర పప్పు ఉడికి, పోపు పెట్టేముందు బిడ్డకు ఒక గరిటె. సొరకాయ కూర మగ్గి, కారంపొడి డబ్బా మూత తీసేముందు నాలుగు ముక్కలు. మేక మాంసం పసుపుతో ఉడికాక, మసాలా వేసేముందు రెండు మెత్తటి ముక్కలు. జీలకర్ర, ధనియాలు, పసుపు, కొత్తిమీర, అల్లం కొద్దికొద్దిగా పడవచ్చు, అవి ఇంటి రుచిని పరిచయం చేస్తాయి. రమజాన్ నెలలో ఇంట్లో హలీం వండేవారు గోధుమ, పప్పు, మాంసం ఉడికి ఘోట్నీతో మెదపడం పూర్తయ్యాక, మసాలాకు ముందు ఒక గిన్నె తీసి ఉంచితే బిడ్డకు అంతకంటే బలమైన ముద్ద ఉండదు. బజారు హలీం మాత్రం ఉప్పు, కారం, నెయ్యి మోతాదుల వల్ల పిల్లలది కాదు.

జ్వరమో విరేచనాలో వచ్చినప్పుడు పెద్దవాళ్ళు తిండి ఆపమంటారు. ఆపకూడదు. తల్లిపాలు మరింత తరచుగా ఇవ్వాలి, మెత్తని పెరుగన్నమో కిచిడీయో కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. విరేచనాలకు ఓఆర్‌ఎస్‌, వైద్యులు చెప్పిన జింక్ తప్పనిసరి. తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది. బరువును నెలనెలా అంగన్‌వాడీలోనో, టీకాల రోజునో తూయించి తల్లీబిడ్డల రక్షణ కార్డులోని గీత మీద గుర్తు పెట్టించుకోండి. ఆ గీత రెండు నెలలు వరుసగా అడ్డంగా సాగితే మరో టానిక్ సీసా కొనేముందు చెంచా వంచి చూసుకుని, ఆ తర్వాత వైద్యుల దగ్గరకు వెళ్ళండి.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఫంక్షన్ హాలులో బిడ్డకు ఏం పెట్టాలన్న ప్రశ్న మిగులుతుంది. అక్కడి పెరుగన్నంలో కూడా ఉప్పు, పోపు, పచ్చిమిరప ముక్కలు ఉంటాయి, వండి ఎంతసేపయిందో తెలియదు. ఇంటి దగ్గర బయల్దేరేముందు కడుపునిండా తినిపించి, దారిలో రెండు గంటల లోపు పెట్టేందుకు మెత్తటి ఇడ్లీలు రెండు, గట్టిగా ఉడికించిన గుడ్డు ఒకటి, తొక్క ఒలవని అరటిపండు ఒకటి, కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక శుభ్రమైన చెంచా సంచీలో పెట్టుకుంటే, ముద్దు చేయడానికి వచ్చిన బంధువులు గులాబ్ జామూన్ అందించే సమయానికి బిడ్డ చేతిలో అప్పటికే ఇడ్లీ ముక్క ఉంటుంది.